కట్టకు అటు పరికి పండ్లు, ఇటు ఆల్చిప్పలు

మా ఊరి చెరువు కట్ట మీద నిలబడితే ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పొలాలు. నీళ్ళ పక్క బురదలో ఆల్చిప్పలు ఉండేవి, పొలాల పక్క కట్ట వాలులో పరికి కంపలు ఉండేవి. చలికాలమంతా పరికి పండ్లు, ఎండాకాలమంతా ఆల్చిప్పలు, మధ్యలో వానలు, బడి, పండుగలు. మా పిల్లల క్యాలెండర్ అదే. ఒకటేమో చెట్టు, ఇంకోటేమో నీటి జీవి, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడటం ఏంది అని ఎవరైనా అడగొచ్చు. నాకైతే చిన్నప్పటి నుంచీ అవి జంటగానే గుర్తున్నాయి, తర్వాత వాటి బతుకు గురించి చదివిన కొద్దీ ఆ జంట ఇంకా గట్టిపడింది. ఒక్క చోట మాత్రం రెండూ విడిపోతాయి. అక్కడ విడిపోవడం వల్లే ఒకటి ఇప్పటికీ మా ఊళ్ళో ఉంది, రెండోది దాదాపు మాయమైంది. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా ఊరు దేవరకొండ నుంచి డిండి పోయే దారిలో మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. ఎర్రనేల, వాన మీదే పండే చెలక భూములు, ఎటు చూసినా రాళ్ల గుట్టలు. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక అప్పటి మా నల్గొండ జిల్లాలోనే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు రెండు పంటలు వరి పండింది కానీ మా దిక్కు ఎత్తు మీద ఉంది, ఆ నీళ్ళు ఎక్కవు. వాన పడితే చెరువు, చెరువు నిండితే పొలం, అంతే మా లెక్క. అందుకే ఊళ్ళో ఎవరి నోట విన్నా చెరువు మాటే. అలుగు పారిందా, తూము తీశారా, ఈసారి శిఖంలో, అంటే నీళ్ళు దిగాక తేలే చెరువు నేలలో, దోస ఎవరు పెట్టారు, ఇవే మాటలు. తాగే నీళ్ళు కూడా కట్ట కింద మంచినీళ్ల బాయి నుంచే తెచ్చుకునేవాళ్ళం. జిల్లాలో మర్రిగూడ, చండూరు దిక్కు ఫ్లోరైడ్ గోస ఎప్పటి నుంచో ఉంది, మా బాయి నీళ్ళు మాత్రం తియ్యగా ఉండేవి, చెరువు నీరు ఊరి వచ్చేది కాబట్టే ఆ తీపి అని మా నాయన చెప్పేవాడు.

ముందు పరికి పండ్ల గురించి. ఇప్పటి పిల్లలకు రేగు పండ్లు తెలుసు, సీతాఫలాలు తెలుసు, పరికి పండ్లు అంటే మొహం చూస్తారు. ఇదీ రేగు జాతిదే, శాస్త్రం పేరు జిజిఫస్ ఈనోప్లియా. పూర్తిగా చెట్టు అనలేం, తీగ అనీ అనలేం. కట్ట మీద, గుట్ట మీద, చెలకల గెట్ల మీద గుబురుగా పెరిగి, పక్కన తుమ్మ చెట్టో వేప చెట్టో దొరికితే దాని మీదికి ఎగబాకుతుంది. ఆకు మొదట్లో ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ, కింది వైపు తడిమితే మెత్తటి నూగు. పువ్వు ఎప్పుడు పూసిందో కూడా తెలియదు, అంత చిన్నది, అదీ ఆకుపచ్చగానే ఉంటుంది. వానలు పోయి మంచు పడే రోజులకు కాయలు రంగు తిరిగేవి, పచ్చి కాయ ఎర్రబారి, ఆ ఎరుపు ముదిరి చివరికి నల్లగా నిగనిగలాడేది. అప్పుడే తినాలి. బఠాణీ గింజంత పండు, అందులో సగానికి పైగా గింజే, గింజ చుట్టూ ఉన్న ఆ కొంచెం గుజ్జులో పులుపూ తీపీ రెండూ ఉంటాయి. ఒకటి తింటే ఏమీ తెలియదు, గుప్పెడు నోట్లో వేసుకుంటే తెలుస్తుంది. మా చిన్నక్క గింజలు కూడా పటపటా నమిలి మింగేది.

అయితే అది ఊరికే ఇవ్వదు. పరికి ముల్లు చిన్నది, కానీ వంకీ ముల్లు, కొన వెనక్కి తిరిగి ఉంటుంది. చెయ్యి లోపలికి సులువుగా పోతుంది, బయటికి గుంజామా, చర్మం చీరుకుపోతుంది. చొక్కా పట్టుకుంటే చొక్కా చిరగాల్సిందే. కట్ట మీద కంపలో నేను ఇరుక్కుని ఏడుస్తుంటే మా నాయనమ్మ కిందనుంచి అరిచిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "గుంజకు బిడ్డా, గుంజకు, ఇంకింత లోపలికి తోసి అప్పుడు తియ్యి." అలా చేస్తే ముల్లు వదిలేస్తుంది. ఈ ఉపాయం మా ఊళ్ళో మేకలు కాసేవాళ్ళందరికీ తెలుసు, కంప కొట్టి కళ్లానికి కంచె వేసే రైతులకు తెలుసు. మేకలకైతే చెప్పే పనే లేదు, ఆ ముళ్ల మధ్య నుంచే నాలుక పెట్టి లేత ఆకు లాగేస్తాయి.

నాయనమ్మ మాకు పండ్లు కోసుకోనిచ్చేది కానీ పొదను కొట్టనిచ్చేది కాదు. కొసన ఉన్నవి పిట్టలకు వదిలెయ్యాలనేది. మేం పొద్దున్నే పోతే మాకంటే ముందు పిగిలిపిట్టలు, గోరింకలు వచ్చి ఉండేవి, అవి చేసే గోల వింటేనే ఏ పొదలో పండ్లు మాగాయో తెలిసిపోయేది, మేం వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు. మాగినవి ఒడిలోనో, లాగు జేబులోనో నింపుకుని బడికి పోతే సాయంత్రానికి జేబంతా వంకాయ రంగు. దేవరకొండ బస్టాండు కాడ తండా ఆడవాళ్ళు గంపల్లో పోసుకుని గ్లాసు కొలతతో అమ్మేవాళ్ళు, కాగితం పొట్లంలో కట్టి పైన ఇంకో నాలుగు వేసేవాళ్ళు. ఆ నాలుగు పండ్ల కోసమే నేను బస్సు దిగేవాణ్ని.

ఇక కట్టకు ఇటు పక్క.

సంక్రాంతి దాటినాక నీళ్ళు వెనక్కి పోవడం మొదలయ్యేది. ఏప్రిల్ వచ్చేసరికి చెరువు సగం శిఖం తేలేది, అందులో దోస, కర్బూజ పెట్టేవాళ్ళు, మిగిలిన నీళ్ళు తూము దగ్గర మడుగులో ఉండేవి. ఆ నీళ్ళు మోకాలి లోతుకు దిగినప్పుడు ఒడ్డున కూర్చుని చూస్తే బురద మీద సన్నటి గీతలు కనిపించేవి, వంకరటింకరగా, ఎవరో పుల్లతో గీసినవా అన్నట్టు. ఆ గీత వెంబడి పోతే చివర ఆల్చిప్ప ఉండేది. ఈ జీవి కదలదు అని చాలామంది అనుకుంటారు. కదులుతుంది. చిప్ప రెండు రెక్కల మధ్య నుంచి తెల్లటి కండ, దాని కాలు, బయటికి చాపి బురదలో గుచ్చి, ఒళ్ళంతా దాని వైపు లాక్కుంటుంది. జానెడు దూరం పోవడానికి ఎంత సేపు పడుతుందో మేం కూర్చుని చూసేవాళ్ళం, చివరిదాకా చూసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. లోతుగా ఉన్నచోట గీతలు కనిపించవు, అక్కడ కాళ్లతో వెతకాలి. బురదలో నడుస్తుంటే అరికాలికి నున్నటి అంచు తగిలేది, వెంటనే బొటనవేలితో కదిపి, మునిగి తీసేవాళ్ళం.

మా చెరువులో దొరికేది దేశమంతటా చెరువుల్లో, కాలువల్లో, వరి మళ్లలో ఉండే మామూలు రకం. జువాలజీ పుస్తకాల్లో లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అంటారు. పైన గోధుమ రంగులోనో, కొంచెం నలుపు కలిసిన ఆకుపచ్చలోనో ఉంటుంది, లోపల తెరిస్తే మాత్రం వెన్నెల మెరుపు. పైన అడ్డంగా గీతలుంటాయి, చిప్ప అంచు పెరుగుతూ పోయి, నీళ్ళు లేని కాలంలో ఆగి, మళ్ళీ పెరగడం వల్ల పడేవి. మా నాయనమ్మ ఆ గీతలు చూసి "ఇది మన కోడె దూడ కన్నా పెద్దది" అనేది. అంత కచ్చితంగా చెప్పలేకపోవచ్చు కానీ ఆమె పట్టుకున్న సంగతి సరైనదే, ఈ జీవి ఏళ్ల తరబడి బతుకుతుంది.

ఇంట్లో దానికి ఎన్ని పనులో. మామిడికాయల కాలంలో ప్రతి ఇంట్లో ఆల్చిప్ప ఉండాల్సిందే. చిప్ప వీపును గరుకు బండ మీద నీళ్ళు పోసి అరగదీస్తే ఉబ్బుగా ఉన్నచోట చిల్లు పడుతుంది. ఆ చిల్లు అంచు పదును ఎంతుంటుందంటే, పచ్చి మామిడికాయ మీద అలా లాగితే చెక్కు సన్నగా చుట్టలు చుట్టుకుని చిల్లులోంచి పైకి వస్తుంది, కండ పోదు, చెయ్యి తెగదు. మా అమ్మ, నాయనమ్మ, పక్కింటి పెద్దమ్మ వాకిట్లో చాప పరుచుకుని ఒరుగులకు కాయలు చెక్కేవాళ్ళు, మేం అరగదీసి ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు స్టీలు పీలర్లు వచ్చాయి, పని అవుతుంది, కానీ వాటితో తీస్తే చెక్కుతో పాటు కాయ కూడా మందంగా పోతుందని మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. నేను అమ్మ పక్షమే.

పాల కుండ అడుగు గోకడానికీ అదే. పిడకల మంట మీద పొద్దంతా కాగిన పాలు, అడుగున ఎర్రగా పట్టిన గోకుడు, దాన్ని ఆల్చిప్పతో గీకి మా చేతుల్లో పెట్టేవాళ్ళు, దాని కోసం కొట్లాటలు అయ్యేవి. చంటిపిల్లలకు పాలు పట్టడానికి కూడా చిన్న చిప్పను కడిగి, ఉడకబెట్టి దాచేవాళ్ళు. లోపలి మాంసం కొన్ని ఇళ్లల్లో చింతపండు పులుసు పెట్టి వండుకునేవాళ్ళు. మా ఇంట్లో వండరు, నా దోస్తు ఇంట్లో తిన్నాను, కొంచెం సాగుతుంది, పులుసు మాత్రం అద్భుతం.

ముత్యాల ఆశ మా అందరికీ ఉండేది. స్వాతి కార్తెలో పడే చినుకు నోట్లో పడితే చిప్పలో ముత్యం అవుతుందని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. మేం తెరిచిన వాటిలో ముత్యం ఎప్పుడూ దొరకలేదు, కొన్నింట్లో మాత్రం లోపలి గోడకు అతుక్కుని చిన్న బుడిపె ఉండేది. అది కూడా ముత్యపు పదార్థమే. చిప్పకూ ఒంటికీ మధ్య ఏదైనా ఇరుక్కుంటే దాని చుట్టూ ఆ మెరుపు పొరలు పొరలుగా పూస్తూ పోతుంది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పెంపకం సంస్థ ఇదే జాతి చిప్పల్లో చిన్న పూస పెట్టి ముత్యాలు పండించే పద్ధతి తయారుచేసింది. హైదరాబాద్‌ను ముత్యాల నగరం అంటారు కానీ అక్కడ అమ్మే ముత్యాలు దాదాపు అన్నీ బయటి నుంచి వచ్చినవే, మా చెరువు చిప్పకు ఆ గౌరవం ఎన్నడూ దక్కలేదు.

నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు ల్యాబులో మైక్రోస్కోపు కింద ఒక స్లైడు పెట్టారు. చూస్తే రెండు రెక్కల చిన్న బుడ్డ జీవి, నోరు తెరుచుకుని ఉంది. పేరు గ్లోకిడియం, మంచినీటి ఆల్చిప్ప పిల్ల అని చెప్పారు. రికార్డులో బొమ్మ గీయాలి కాబట్టి అందరూ గీసి పక్కన పెట్టారు. నేను ఆ బొమ్మ కింద రాసిన నాలుగు లైన్లు చదివి అక్కడే ఆగిపోయాను. మగ చిప్ప నీళ్ళలోకి బీజం వదిలితే, ఆడ చిప్ప ఊపిరి నీళ్ళతో పాటు దాన్ని లోపలికి తీసుకుంటుంది, పిల్లలను తన మొప్పల్లోనే మోస్తుంది, వేలకు వేలు. తర్వాత బయటికి వదులుతుంది. వదిలిన పిల్ల నీళ్ళలో ఒంటరిగా బతకలేదు. దాని పక్క నుంచి చేప పోవాలి, అది ఆ చేప రెక్కకో మొప్పకో కరుచుకోవాలి. చేప చర్మం దాని చుట్టూ మూసుకుంటుంది, కొన్నాళ్ళు అక్కడే ఉండి, లోపల అవయవాలు ఏర్పడ్డాక, చిన్న ఆల్చిప్పగా మారి చేప మీద నుంచి రాలి బురదలో పడుతుంది. చేప దొరకని పిల్ల చచ్చిపోతుంది. వేలల్లో చాలా మటుకు అలాగే పోతాయి.

ఆ రోజు నాకు వెంటనే గుర్తొచ్చింది పరికి పొద. దానికీ కాళ్ళు లేవు. కట్ట మీద మొలిచిన చోటే ఉండాలి. తన పిల్లలను గుట్ట మీదికి, పక్క ఊరి గెట్టు మీదికి పంపాలంటే ఎవరో ఒకరు మొయ్యాలి. అందుకే పండు. పిగిలిపిట్ట గుజ్జు తిని గింజను ఇంకెక్కడో వదులుతుంది, నక్కలు తింటాయి, నల్లమల అంచున చందంపేట దిక్కు అడవిలో ఎలుగుబంట్లు ఈ రేగు జాతి పండ్లు తింటాయి, గింజ గట్టిది కాబట్టి కడుపులో అరగకుండా బయటపడుతుంది. అంటే కట్టకు ఒక పక్క పిట్ట మోసేది, ఇంకో పక్క చేప మోసేది. కదల్లేని తల్లులు రెండు, మోసేవాళ్లను నమ్ముకుని పిల్లలను పంపేవి. నాకు దీని కన్నా గొప్ప సంగతి ఆ చదువులో ఇంకోటి కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు.

పోలిక అక్కడితో ఆగదు. ఒకదానికి ముల్లు, ఒకదానికి చిప్ప, రెండూ తమను తాము కాపాడుకోవడానికే. ఎండలు ముదిరితే పరికి పొద ఎండిపోయినట్టే కనిపిస్తుంది, వేరు మాత్రం బతికే ఉంటుంది, మొదలుకంటా కొట్టినా మళ్ళీ చిగురిస్తుంది. ఆల్చిప్ప కూడా నీళ్ళు ఇంకితే బురదలోకి దిగి, రెక్కలు రెండూ గట్టిగా మూసుకుని, తిండి లేకుండా వాన కోసం ఆగుతుంది. రెండూ మా నేలకు, మా కరువుకు అలవాటు పడిన ప్రాణాలే. పనిలోనూ అంతే, పరికి కంప మా చేలకు కంచె కాస్తే, ఆల్చిప్ప మా నీళ్లను కడిగేది. ఒక్కో చిప్ప రోజుకు లీటర్ల కొద్దీ నీళ్ళు లోపలికి పీల్చి, అందులోని నాచు, సన్న మట్టి, మురికి పట్టి, తేట నీళ్ళు బయటికి వదులుతుంది. బురద నిండా ఆల్చిప్పలున్న రోజుల్లో ఎండాకాలం మడుగు నీళ్లలో కూడా మా కాళ్ళు మాకు కనిపించేవి.

తేడా ఎక్కడంటే, పరికి పొద మోసేవాళ్లకు కూలి ఇస్తుంది. గుజ్జు ఇస్తుంది కాబట్టి పిట్ట మళ్ళీ వస్తుంది. ఒక పిట్ట రాకపోతే ఇంకో పిట్ట వస్తుంది, పిట్టలు లేకపోతే నక్క, నక్క లేకపోతే మేకల వెంట తిరిగే మాలాంటి పిల్లలు. ఆల్చిప్ప పిల్ల చేపకు ఏమీ ఇవ్వదు, ఊరికే పట్టుకుని పోతుంది. అది చేప మీదే పూర్తిగా ఆధారపడింది, అదీ ఏ చేప పడితే ఆ చేప పనికిరాదు, చాలా జాతుల ఆల్చిప్పలకు తమకు సరిపడే చేపలు కొన్నే ఉంటాయి. చెరువులో చేప పోతే ఆల్చిప్పకు ఇంకో దారి లేదు. పెద్ద చిప్పలు ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి ఉన్నట్టే కనిపిస్తాయి, కింద కొత్త తరం రావడం ఆగిపోయిందని ఎవరికీ తెలియదు. ఒక రోజు అవి కూడా పోతాయి.

మా చెరువులో జరిగింది అదే. 2002 కరువు మా ఊళ్ళో అందరికీ గుర్తే. చెరువులోకి చుక్క రాలేదు, తూము కాడి మడుగు కూడా నెర్రెలు బారింది. పక్క ఊళ్ళ నుంచి, పాలమూరు నుంచి జనం బొంబాయికి, పుణెకు వలస పోయారు, మా వాళ్ళు హైదరాబాద్ పోయారు. ఆల్చిప్ప తడి బురదలో ఆగగలదు, రెండు చేతుల లోతుకు పగిలిన మట్టిలో ఆగలేదు. ఆ వేసవి శిఖంలో నడిస్తే కాళ్ల కింద చిప్పలు కరకరలాడాయి, అన్నీ నోళ్ళు తెరిచి, ఎండకు తెల్లబడి. నత్తగుల్ల కొంగలు కూడా రావడం మానేశాయి. కొర్రమట్ట, జెల్ల, పరకలు, మా చెరువు సొంత చేపలన్నీ పోయాయి. తర్వాత వాన పడ్డ ఏళ్లలో నీళ్ళు వచ్చాయి కానీ ఒక ఏడు నిండితే రెండేళ్ళు ఎండేది, చేపలు నిలదొక్కుకోలేదు. దానికి తోడు చుట్టూ చెలకల్లో పత్తి పెరిగింది, పత్తికి కొట్టిన మందు మొదటి వానకు కొట్టుకుని వచ్చేది చెరువులోకే.

పరికి కంపకు కూడా దెబ్బలు తగలలేదని కాదు. గెట్లు చదును చేశారు, జేసీబీతో గుట్టల అంచులు తవ్వారు, కట్ట బాగుచేసినప్పుడు పొదలన్నీ పీకేశారు. అయినా రెండు మూడేళ్లకు రాళ్ల సందుల్లోంచి మళ్ళీ మొలిచాయి, ఎవరూ నాటలేదు, పిట్టలే తెచ్చాయి. మొన్న చలికాలంలో ఊరికి పోయినప్పుడు మా అమ్మాయికి కట్ట కింద చూపించాను, ముల్లు నుంచి చెయ్యి ఎలా తీసుకోవాలో మా నాయనమ్మ చెప్పినట్టే చెప్పాను. పుల్లగా ఉందని మొహం పెట్టింది, తర్వాత జేబు నింపుకుంది.

2015లో మిషన్ కాకతీయ మొదలై రాష్ట్రమంతా 46 వేలకు పైగా చెరువుల్లో పూడిక తీయాలని పెట్టుకున్నప్పుడు మా చెరువు కూడా అందులో వచ్చింది. ట్రాక్టర్లు బారులు తీరాయి, పూడిక మట్టి చెలకలకు తోలుకున్నారు, మా నాయన కూడా తోలించాడు. నిజంగా మంచి పని, ఆ మట్టి పోసినచోట పంట తేడా కళ్లకు కనిపించింది, చెరువు లోతు పెరిగి నీళ్ళు ఎక్కువ కాలం నిలుస్తున్నాయి. కానీ మా చేనులో ఆ మట్టి పరిచాక వాన పడితే ఎర్రటి నేల మీద తెల్లటి చిప్పలు తేలాయి, సాళ్ల మధ్య ఎక్కడ చూసినా అవే. పాతవి, ఎప్పుడో చచ్చినవి. మా అమ్మ వంగి మంచివి నాలుగు ఏరి కొంగులో కట్టుకుంది, మామిడికాయలకు. నేను మాత్రం ఆ చేను మధ్యలో నిలబడి లెక్కలేనన్ని చిప్పలు చూస్తూ, మా చెరువులో ఒకప్పుడు ఎంత బతుకు ఉండేదో అప్పుడే అసలు అర్థమైంది.

నల్గొండ పోయినప్పుడల్లా పానగల్ దిక్కు పోతాను, ఉదయసముద్రం ఒడ్డుకు. కందూరు చోడుల కాలం చెరువు అది, పక్కనే ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం. ఇప్పుడు దానికి కృష్ణా నీళ్ళు వస్తాయి, ఎండాకాలంలో కూడా నీళ్ళు ఉంటాయి, చేపలు పట్టేవాళ్ళు ఉంటారు. అక్కడ ఒడ్డున తడి మట్టిలో కాలితో తడిమితే ఆల్చిప్పలు తగులుతాయి, బతికున్నవి. నీళ్ళు, చేప, బురద, ఈ మూడూ ఒక్క చోట ఎండిపోకుండా ఉంటే చాలు వాటికి. మా ఊరి చెరువుకు కూడా ఇవి లేనివేమీ కావు, ఎండాకాలం నాలుగు నెలలు తూము కాడ ఒక మడుగు నిలబడితే చాలు.

ఇది చెప్పడానికే మొన్న మా ఊరి ముదిరాజ్ మామను కలిశాను. ఆయన చేపల సొసైటీలో ఉన్నాడు. 2016 తర్వాత సర్కారు ఉచితంగా చేప పిల్లలు ఇవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచి బొచ్చె, రవ్వ, బంగారు తీగ వదులుతున్నారు, వాటితో పాటు వాగు నీళ్లకు జెల్లలు, పరకలు కూడా మళ్ళీ ఎక్కి వస్తున్నాయని చెప్పాడు. ఆల్చిప్పలు కనిపిస్తున్నాయా మామా అని అడిగితే కొంచెం సేపు ఆలోచించి "పెద్దయి లేవు అల్లుడా, పోయిన ఎండలల్ల వల గుంజితే చిన్నయి నాలుగైదు వచ్చినయ్, బొటనవేలి గోరంత, ఇసిరేసిన" అన్నాడు. నాకు పట్టరాని సంతోషం అయింది. చిన్నవి ఉన్నాయంటే ఎక్కడి నుంచో తల్లి చిప్ప పిల్లలను వదిలింది, ఏదో చేప వాటిని మోసుకొచ్చి మా చెరువులో దించింది అని అర్థం. మామకు అదంతా చెప్పాను, చేప మొప్పలకు పిల్లలు పట్టుకుని వస్తాయంటే ముందు నమ్మలేదు, తర్వాత "అందుకేనా చెరువుల చేప పోతే చిప్ప పోయింది" అని ఆయనే అన్నాడు. ఇన్నేళ్ళు నీళ్లలో బతికిన మనిషి, ఒక్క ముక్క చెబితే మిగిలినదంతా ఆయనే కలుపుకున్నాడు.

ఆయనను రెండు అడిగాను. చివరి వేట అప్పుడు మోటార్లు పెట్టి తూము కాడి మడుగును పూర్తిగా తోడెయ్యొద్దని, మళ్ళీ పూడిక తీస్తే ఆ మూలను వదిలేయమని. మోటార్ల సంగతి తన చేతిలో ఉందన్నాడు. పూడిక సంగతి ఊరందరిది, వానలు మొదలయ్యే ముందు సొసైటీ మీటింగు ఉంటుంది, నువ్వే వచ్చి చెప్పు అన్నాడు. పోతున్నాను. మా ఊరోళ్ళు ఎవరైనా ఇది చదివితే మీరు కూడా రండి.